రెండో కొస పట్టుకున్నది చాలు

"కాస్త ఆ కొస పట్టుకో!"

ఈ మాట వినని ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఎవరైనా ఉన్నారా, చెప్పండి? మంచం జరపాలన్నా, అటక మీంచి పెట్టె దించాలన్నా, చెక్క కొయ్యాలన్నా మొదటి కొస వాళ్ళది, రెండో కొస మనది. పని అయ్యాక "నేనే చేశాను" అని వచ్చినవాళ్ళకి చూపించేది మాత్రం మొదటి కొసే.

మా నాన్న బడిపంతులు. ఆదివారం వస్తే పెరట్లో వేపచెట్టు కింద చెక్కపని పెట్టుకునేవారు. సంపాదన కోసం కాదు, సరదా. రంపం, రెండు ఉలులు, బాడిశ, చిత్రిక, బర్మా, మూలమట్టం... అన్నిటికీ నూనె రాసి గోనెపట్టాలో చుట్టి దాచుకునేవారు. తమ్ముణ్ణి పిలిచి "ఇలా పట్టాలిరా" అని ఉలి చేతికిచ్చేవారు. వాడు రెండు నిమిషాలు చూసి గోళీలాటకి పారిపోయేవాడు. నన్ను పిలిచేది మాత్రం కొస పట్టుకోవడానికి. చూసి చూసి ఆ పని నా కంటికి వచ్చింది గానీ చేతికి రాలేదు.

బి.ఏ.లో మా తెలుగు లెక్చరర్ గారు ఒక రచయిత గురించి చెబుతూ "వాక్యాన్ని చిత్రిక పట్టాడమ్మా" అన్నారు. ఆ క్లాసులో చిత్రికని కళ్ళతో చూసింది బహుశా నేనొక్కదాన్నే. చెక్క మీద నుంచి సన్నటి పొరలు చుట్టలు చుట్టలుగా లేవడం గుర్తొచ్చి ఎంత గర్వపడ్డానో! అయితే నేనూ చూసినదాన్నే, పట్టినదాన్ని కాదు.

నాన్న సంవత్సరీకం అయ్యాక సామాను సర్దుతూ అమ్మ నన్ను అడిగింది, "ఏమే, నీకు గుండిగ కావాలా, గంగాళం కావాలా?" అని. పనిముట్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. అవి మగపిల్లాడివి కదా మరి! ఆర్నెల్ల తర్వాత తమ్ముణ్ణి అడిగితే, "అవా అక్కా, ఫ్లాట్‌లో ఎక్కడ పెట్టను? పాత ఇనుము వాడికి వేసేశాను" అన్నాడు. కిలోల లెక్కన.

వాడిదే తప్పని అననండీ. నాకు కావాలని నేను నోరు తెరవలేదు. అడగొచ్చని నాకే తట్టలేదు. ఈ రాతలో కోపం కనిపిస్తే, అందులో సగం నా మీదే.

నలభై మూడేళ్ళకి నా డబ్బులతో రంపం కొనుక్కున్నాను. ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "ఆడదానికి రంపం ఏమిటమ్మాయ్, చెయ్యి తెగితే?" అన్నారు అత్తయ్యగారు. అన్నది ఎక్కడ కూర్చునో తెలుసా? కత్తిపీట ముందు! పదిహేనో ఏట నుంచీ నిలువుగా లేచిన కత్తికి ఎదురుగా కూర్చుని, పక్కవాళ్ళతో మాట్లాడుతూ, చూడకుండా బెండకాయలు తరిగే చేతులు మనవి. కాగే నూనెలో గారెలు వేసే చేతులు. వీటికి ఉలి ప్రమాదమా? ప్రమాదం ఉన్నమాట నిజమే. అది మగవాడికీ అంతే ఉంది. అంచు ముందు రెండో చెయ్యి పెట్టకూడదు, డ్రిల్లు పట్టుకున్నప్పుడు జడ ముడేసుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి, గాజులు పైకి తోసి కాదు, తీసేసి కూర్చోవాలి. నేర్పాల్సింది ఈ జాగ్రత్తలు. "నీకెందుకు" అనడం జాగ్రత్త చెప్పడం కాదు.

మా బంధువొకాయన రిటైరయ్యాక బాల్కనీలో వర్క్‌షాప్ పెట్టారు. మూడు నెలలకి ఒక స్టూలు తయారైంది. వెళ్ళిన ప్రతివాళ్ళం దాన్ని మెచ్చుకున్నాం, నేను కూడా. ఆ మూడు నెలలూ రోజూ సాయంత్రం రంపపుపొట్టు ఊడ్చింది మాత్రం ఆవిడ. ఆయన మాస్కు పెట్టుకుని కోసేవారు, ఆవిడ చీరకొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా చీపురుతో లేపేది. కలప పొడి మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటిలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించింది. ఏళ్ళ తరబడి పీల్చే కార్మికులకి ముప్పు ఎక్కువ, నిజమే. కానీ ఇంట్లో కూడా ఆ పొడి హాబీ ఎవరిదో చూసుకుని ముక్కులోకి పోదు కదా! తడిగుడ్డతో తుడవాలి, చీపురుతో లేపకూడదు. తుడవాల్సింది కోసినవాళ్ళే.

ఇంక "కార్పెంటర్‌ని పిలిస్తే అరగంట పని" అన్నారు మావారు. ఆ అరగంట కోసం మూడు వారాలు ఎదురుచూసింది నేను. "వడ్రంగి పొట్ట కొడతావా" అని ఇంకొకరు. పెళ్ళికూతురి మంచమో, వంటింటి అలమరో నేను చెయ్యలేను, చెయ్యబోను. పైగా నేను ఒక పీట చేసుకున్నాక, వడ్రంగి దగ్గర కూలి బేరం మానేశాను. ఒక కుసి బెజ్జంలో బిగుతుగా దిగడానికి ఎంత ఓపిక కావాలో నా వేళ్ళకి తెలిసింది మరి.

పని తెలిస్తే ఇంకొకటి కూడా మారుతుంది. సింకు కింద పెట్టడానికి ప్లైవుడ్ కొనడానికి వెళ్ళాం. "ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై చూపించండి" అని నేను అడిగితే, షాపాయన మావారి వైపు తిరిగి జవాబు చెప్పాడు! రెండోసారి అడిగాను. మూడోసారి, పలక మీద ముద్ర ఏదని అడిగేసరికి నా వైపు తిరిగాడు. తడి తగిలే చోట మామూలు ప్లై వేస్తే పొరలు విడిపోతాయి, ఉబ్బుతుంది. ఆ సింకు కింద నీళ్ళు తుడిచేది మనమైతే, ఏ ప్లై వెయ్యాలో తెలియాల్సింది ఎవరికి?

సరే, మొదలుపెట్టాలనుకుంటే పెద్ద మెషీన్లేం అక్కర్లేదు. ఒక చేతిరంపం, అరంగుళం ఉలి, సుత్తి, టేపు, మూలమట్టం, చిన్న డ్రిల్లు, 80, 120, 220 నంబర్ల ఉప్పుకాగితం. అన్నిటికన్నా ముందు రెండు సి-క్లాంపులు కొనండి. చెక్కని బల్లకి బిగించి కదలకుండా పట్టుకునేవి అవే. మొదటిసారి క్లాంపు బిగించినప్పుడు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ నేను చేసింది దాని ఉద్యోగమేనన్నమాట!

మొదట పీట చెయ్యండి. ఒక పలక, కింద రెండు అడ్డపట్టీలు, అంతే. పాత ఇళ్ళు పడగొట్టిన టేకు దొరికితే మంచిది, లోపల విరిగిన మేకులున్నాయేమో చూసుకోండి. స్క్రూ దించే ముందు దానికన్నా సన్నటి కన్నం వెయ్యండి, లేకపోతే చెక్క చీలుతుంది. గీతలు నడిచే దిక్కునే చిత్రిక పట్టండి, ఎదురు పడితే పెచ్చులు లేస్తాయి.

నా తప్పు కూడా చెబుతాను. నా మొదటి పీటకి అడ్డపట్టీల్ని జిగురు పూసి మొత్తం అంటించేశాను. ఎండాకాలం వచ్చేసరికి పలక నిలువునా పగిలింది. చెక్క పొడవు పెద్దగా మారదు గానీ అడ్డంగా వానాకాలం ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. దాన్ని కదలనివ్వాలి. పట్టీకి మధ్య స్క్రూ బిగుతుగా, చివర స్క్రూల కన్నాలు కొంచెం వెడల్పుగా ఉంచాలి. శ్రావణమాసంలో సొరుగు బిగిసిందని వెంటనే చిత్రిక పట్టకండి, ఎండాకాలానికి లొడలొడలాడుతుంది. అంచులకి కొవ్వొత్తి రుద్దండి, చాలు.

రెండో పీట పగల్లేదు గానీ కాస్త ఊగుతుంది. అదే అమ్మకిచ్చాను. దాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూసి, "మీ నాన్న మొదటి పీటా ఇలాగే ఊగేదే" అంది. తర్వాత కాసేపాగి, "ఆ పనిముట్లు నిన్నొకమాట అడగాల్సింది" అంది. ఇంకేం మాట్లాడుకోలేదు మేం.

మీలో ఎవరికైనా నాన్నగారుండి, ఆయన దగ్గర గోనెపట్టాలో చుట్టిన పనిముట్లుంటే ఈరోజే ఫోన్ చెయ్యండి. "నాన్నా, అవి నాకు కావాలి, ఎలా పట్టాలో కూడా చెప్పు" అనండి. ఇత్తడి గంగాళం తమ్ముడికి ఇప్పించండి, తోముకుంటాడు.

మీ ఇంట్లో అమ్మాయి ఉంటే, ఈసారి రెండో కొస అబ్బాయిని పట్టుకోమనండి.