రాక్షసత్వం జన్మమా, కర్మమా?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన లేక్ జెనీవా పట్టణం నుండి 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే క్రీడను వెలువరించారు. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు కథానిర్వాహకుడు. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. ఏమి చేయవలెనో ఆటగాడు సంకల్పిస్తాడు. ఆ యత్నం ఫలించునో లేదో పాచిక తేలుస్తుంది. పురుషకారానికీ దైవానికీ నడుమ సాగే ఈ క్రీడను బాలుర కాలక్షేపమని ఆస్తికులు ఉపేక్షించడం తగదు. ఏలయన, అందులోనికి రాక్షసులూ దేవతలూ ఏనాడో ప్రవేశించారు.

1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో రాక్షసుడు వ్యాఘ్రముఖుడై, పొగగొట్టం పట్టి దర్శనమిస్తాడు. వాని స్వభావం పుట్టుకతోనే దుష్టమని అక్కడ ముందే లిఖితమై ఉంది. 1980 నాటి ‘డీటీస్ అండ్ డెమిగాడ్స్’ ఇంద్రాగ్నివరుణాదులకు సైతం ‘హిట్ పాయింట్లు’ కేటాయించింది. అనగా ఎన్ని దెబ్బలకు దేవత కూలునో అంకెలలో నిర్ణయించింది. ఇది చూచి ఆస్తికులు నొచ్చుకోవడం సహజం. అయితే అమృతభోజులకు అంకె కట్టడం అజ్ఞానం మాత్రమే. జన్మను బట్టి పాపిని నిర్ణయించడం అంతకంటె ఘోరమైన దోషం.

రావణుడు పులస్త్యుని మనుమడు, విశ్రవసుని కుమారుడు, వేదవేత్త. అతడు పతనమైనది పరదారాపహరణం వలన, వంశం వలన కాదు. ఆ తల్లి కడుపున పుట్టిన విభీషణుడే శరణాగతికి దృష్టాంతమైనాడు. ప్రహ్లాదుడు దైత్యకులంలోనే పుట్టాడు. భరతుని నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయంలో, ప్రదర్శన తమను అవమానించినదని అసురులు ఆక్షేపించగా, నాట్యం దేవదానవులిరువురి శుభాశుభాలనూ చూపునని బ్రహ్మ వారిని సమాధానపరచినాడు. ఆ సమదృష్టి వ్యాఘ్రముఖుని సృష్టించినవారికి లోపించింది.

కాలక్రమంలో ఆ క్రీడ మారింది. ఏ జాతినీ పుట్టుదుష్టులుగా చిత్రించరాదని ప్రకాశకులు 2020లో ప్రకటించారు. 2024 నాటి గ్రంథంలో ‘రేస్’ అనే పదమే తొలగి, ‘స్పీషీస్’ అనేది వచ్చింది. దీనిని పాశ్చాత్యుల కొత్త వేలంవెర్రి అని పరిహసించే ఆస్తికులున్నారు. వారు ప్రహ్లాదుని మరచినవారు.

కాని ఇదే కాలంలో మరొక మార్పు కూడా జరిగింది, దానిని మెచ్చరాదు. 1978, 1979 నాటి నియమగ్రంథాల ప్రకారం, స్వీకరించిన గుణమార్గాన్ని విడిచిన పాత్ర తాను ఆర్జించిన ఒక అంతస్తును కోల్పోయేది. ‘పాలడిన్’ అనే ధర్మయోధుడు తెలిసి దుష్కృత్యం చేసెనా, ఆ పదవి తిరిగి రాకుండా పోయేది. 2014 నాటి ఐదవ ముద్రణలో గుణమార్గం దాదాపు నామమాత్రమైనది. దానిని మార్చుకొన్నవానికి నియతమైన దండన లేదు. వ్రతభంగం ప్రస్తావితమైనా, దాని ఫలం కథానిర్వాహకుని ఇచ్ఛకే విడువబడింది.

ఈ రెండు మార్పులనూ స్వేచ్ఛ అనే ఒక్క పేరిట కీర్తించడమే నేటి భ్రాంతి. జన్మబంధాన్ని తెంచడం న్యాయం. కర్మఫలాన్ని తెంచడం అన్యాయం. పుట్టుక పాపం కాదని చెప్పినవాడు, చేసిన పని పాపం కాగలదని కూడా చెప్పితీరాలి. లేనిచో మొదటి మాటకు అర్థమే లేదు. విభీషణుడు రాక్షసుడైనా ధర్మాత్ముడు కాగలిగాడంటే, కర్మకు బలమున్నది కనుకనే.

దూరదేశపు ఆటను తూచిన ఈ త్రాసులోనే ఆస్తికులు తమ గృహాలలోని కథాకథనాన్ని కూడా తూచుకోవాలి. “రావణుడు ఎందుకు చెడ్డవాడు?” అని బాలుడు ప్రశ్నించినప్పుడు “రాక్షసుడు కనుక” అని బదులిచ్చే పెద్దలు, తెలియకయే 1977 నాటి ఆ గ్రంథాన్ని బోధిస్తున్నారు. “సీతమ్మను అపహరించాడు కనుక” అని చెప్పేవారే రామాయణాన్ని బోధిస్తున్నారు.

స్వస్తి.