తల్లి పురుగు వచ్చే రాత్రి

తొలకరి వాన కురిసి వెలిసిన సాయంత్రం. తనకల్లులో గానీ చుట్టుపక్కల పల్లెల్లో గానీ వాకిట్లో బల్బు వేశారంటే ఇక అంతే! నిమిషాల్లో పురుగులు ముసురుకుంటాయి. గోడ మీది బల్లులకు పండగే పండగ. కంచంలో రెక్కలు రాలుతుంటే 'ముందా లైటు ఆర్పేయండ్రా' అని లోపలి నుంచి పెద్దవాళ్ల కేక. చీకట్లోనే నాలుగు ముద్దలు తినేసి అందరూ పడకేస్తారు.

ఆ వచ్చినవాటిలో చాలావరకు ఉసిళ్లే. మరి మిగతావి? బూడిద రంగువి, ఎండుటాకులా ఉండేవి, రెక్కల మీద కళ్లు గీసినట్టు చుక్కలున్నవి... వాటి పేర్లేమిటి?

సీతాకోకచిలుకకు అంత అందమైన పేరు పెట్టుకున్న తెలుగువాళ్లు, రాత్రిళ్లు తిరిగే దాని దగ్గరి చుట్టాన్ని పట్టించుకోలేదు. పుస్తకాల్లో శలభం. ఇంట్లో దీపం పురుగు. రైతునడిగితే మాత్రం 'తల్లి పురుగు' అంటాడు. పంటను కొరికేది పిల్ల, గుడ్లు పెట్టేది ఇది. అందుకే తల్లి. ధర్మవరం చీరకు దారమిచ్చే పట్టుపురుగూ ఈ జాతిదే. కాకపోతే వేల ఏళ్లుగా మనిషి పెంపకంలో ఉండి ఎగరడమే మరచిపోయింది పాపం!

ప్రపంచంలో సీతాకోకచిలుకలు సుమారు 18 వేల రకాలుంటే శలభాలు లక్షా 60 వేల దాకా ఉన్నాయి. మన దేశంలోనే పది వేలకు పైగా.

వీటిలో ఒక్కదాన్ని మాత్రం తనకల్లు రైతు తప్పకుండా గుర్తుపట్టాలి. అదే ఎర్ర గొంగళి పురుగు తల్లి. మెట్ట పొలాల్లో వేరుసెనగకు పాత శత్రువు. ఏడాదిలో దాదాపు పది నెలలు అది మట్టిలో, గట్ల కింద, చెట్ల నీడన కోశంలో నిద్రపోతుంది. మంచి వాన పడి నేల లోపలి దాకా తడిసిందా... లేస్తుంది. ఒకటీ అరా కాదు, ఊరి పొలాల్లో ఉన్నవన్నీ ఇంచుమించు ఒకేసారి! ఒక్కో తల్లి వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. పిల్లలు మొదట్లో ఒకే ఆకు మీద గుంపుగా గోకి తింటాయి. ఎదిగాక దండులా ఒక చేను నుంచి ఇంకో చేనుకు నడిచిపోతాయి. అవి దాటిన చేను పశువులు పడి మేసినట్టు మోడులే మిగులుతుంది. ఒళ్లంతా వెంట్రుకలతో బలిసిన పురుగుకు మందు కొట్టినా సరిగా చావదు. చేసేదేదైనా ఆ మొదటి నాలుగు రోజుల్లోనే చేయాలి.

వాన పడ్డాక ఊరంతా కలిసి పొలాల్లో మంటలు వేయాలని, దీపపు ఎరలు పెట్టాలని వ్యవసాయాధికారులు చెప్పేది ఇందుకే. ఒక్క రైతు పెడితే చాలదు. పక్క చేను తల్లులు ఆగుతాయా? పైగా ఏ రాత్రి లేచాయో ఎవరైనా చూసి చెప్పాలి కదా. ఆ పని పెరట్లో ఒక దుప్పటితో అవుతుంది.

తెల్లటి నూలు దుప్పటి ఒకటి దండెం మీద వేలాడదీయండి. ముందు ఒక బల్బు పెట్టండి. అతినీలలోహిత కాంతినిచ్చే ట్యూబు దొరికితే మరీ మంచిది, దాని వంక మాత్రం తేరిపార చూడకూడదు. అమావాస్య దగ్గరి రాత్రులు, వాన వెలిసి గాలి లేకుండా ఉక్కగా ఉన్నప్పుడు బాగా వస్తాయి. పున్నమి నాడు పెద్దగా రావు. బల్బు కింద గరాటు, దాని కింద పెట్టె, పెట్టెలో కోడిగుడ్ల అట్టలు సర్దితే అది బోను. లోపల పడ్డవి అట్టల గుంతల్లో తెల్లారే దాకా కదలకుండా కూర్చుంటాయి. దీపానికి రానివి కొన్నుంటాయి. వాటికోసం బాగా మగ్గిన అరటిపండును బెల్లంతో కలిపి చెట్టు మొదలుకు పూస్తే సరి. చేతి మీద వాలిన పురుగును నలపొద్దు. వానాకాలంలో దీపానికి వచ్చే కొన్ని పురుగుల రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

ఇక నోటుపుస్తకం. తేదీ, వేళ, వాన పడిందా లేదా, ఏది ఎన్ని వచ్చాయి... ఇంతే. పేరు తెలియకపోతే ఫొటో తీసి పక్కన నంబరు వేస్తే చాలు. ఫోన్లు ఉన్న పిల్లలకు ఇది చిటికెలో పని.

ఎర్ర గొంగళి తల్లిని పోల్చుకోవడం కష్టం కాదు. తెల్లటి ముందు రెక్కల మీద గోధుమరంగు చారలు, ముందు అంచున పసుపు గీత, వెనక రెక్కల మీద నల్లచుక్కలు. ఆ అంచు ఎర్రగా ఉంటే అది దాని తోబుట్టువు లాంటి మరో జాతి. తెల్లగా కనిపించిన ప్రతిదీ శత్రువని చంపేయడం మాత్రం తెలివితక్కువ పని. దీపపు ఎరతో ఉన్న ఇబ్బందే అది, మంచీ చెడూ చూడదు. బొప్పాయి పూలకు రాత్రిపూట పుప్పొడి మోసే శలభాలూ అందులోనే పడతాయి. అందుకే అవసరమున్న ఆ నాలుగు రాత్రులు పెట్టి తీసేయడం మేలు.

పుస్తకం రాస్తూ పోతే పెరడే కొత్తగా కనిపిస్తుంది. గన్నేరు, నందివర్ధనం ఆకులు తిన్న పురుగు ఆకుపచ్చ పాలరాయిలాంటి రెక్కలతో వచ్చి వాలుతుంది. ఆముదం చెట్టును బోసిచేసిన దాసరి పురుగు, నల్లటి వెనక రెక్కల మీద తెల్లమచ్చలతో కనిపిస్తుంది. చీనీ తోటలున్నవాళ్లకు ఇంకో తమాషా. రాత్రిపూట కాయకు తొండంతో బెజ్జం వేసి రసం పీల్చే శలభం ముందు రెక్కలు ఎండుటాకులా ఉంటాయి, విప్పితే వెనకవి నారింజ పసుపు! దాని పిల్లలు చీనీ చెట్టు మీద పెరగవు. కంచెకు అల్లుకున్న తిప్పతీగ మీద పెరుగుతాయి. కాయల దగ్గర ఎంత వెతికినా పురుగు దొరకదంటే మరి దొరుకుతుందా?

అసలివి దీపం దగ్గరికి ఎందుకొస్తాయి? వలచి వస్తాయని కవులన్నారు. చందమామ అనుకుని వస్తాయని మాస్టార్లు చెప్పారు. 2024లో వెలువడిన ఒక పరిశోధన వేరే మాట చెప్పింది. ఎగిరే పురుగులు వెలుతురున్న వైపును ఆకాశమనుకుని వీపు అటు తిప్పుతాయట. దీపానికి వీపు తిప్పబోయి దాని చుట్టూనే తిరుగుతూ చిక్కుకుపోతాయి. యశ్ సోంధీ అనే భారతీయ శాస్త్రవేత్త ఉన్న బృందం వేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో ఈ సంగతి కనిపెట్టింది. మోహమూ కాదు, ఆత్మాహుతీ కాదు. దారి తప్పడం!

పేర్లు తెలుసుకోవాలన్న ఆశ కొత్తదేమీ కాదు. నీలగిరుల్లో తేయాకు తోట పెట్టడానికి వచ్చిన జార్జ్ హాంప్సన్ శలభాల పిచ్చిలో పడి, 1892-96 మధ్య భారతదేశపు శలభాల మీద నాలుగు సంపుటాలు రాశాడు. అనంతపురం, నీలగిరులు అప్పట్లో ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఇప్పుడు ఆ సంపుటాలు మోయనక్కర్లేదు. ఫొటో పంపితే పేరు చెప్పేవాళ్లు ఇంటర్నెట్‌లో ఉన్నారు. 2012 నుంచి ఏటా జులై చివరి వారంలో శలభాల వారం జరుగుతోంది, చాలా దేశాలవాళ్లు అప్పుడు తమ ఇళ్ల దగ్గర ఇలాగే దుప్పట్లు కడతారు.

నిన్న రెండు, ఇవాళ నలభై అని పుస్తకంలో పడిందంటే ఆ రాత్రే పక్కింటి రైతును లేపాలి. అది కాని రోజున లెక్క రాసుకుని బల్బు ఆర్పి, తెల్లవారుజామునే దుప్పటిని పొదల్లో మెల్లగా దులిపేయాలి. ఆలస్యమైతే గోరింకలు వచ్చేస్తాయి, దుప్పటి మీది అతిథుల్లో ఒక్కటీ మిగలదు.