మంచు సెలవు, మన సెలవు

జనవరి, ఫిబ్రవరి మాసాలలో సికింద్రాబాదులోని అనేక గృహాలలో ఇషా వేళకు కాస్త ముందో వెనుకో ఫోను మోగుతుంది. మారేడ్‌పల్లి కావచ్చు, బోయిన్‌పల్లి కావచ్చు, తార్నాక, మౌలాలి కావచ్చు. ఇక్కడ రాత్రి ఏడున్నర అయినప్పుడు షికాగోలో ఉదయం ఎనిమిది. ఆవలి వైపు తెరమీద మనుమడో మనుమరాలో కనిపిస్తారు. తలకు ఉన్ని టోపీ, చేతులకు తొడుగులు, ఎర్రబారిన ముక్కు. వెనుక కనుచూపు మేర తెలుపు. "దాదీమా, ఈరోజు బడి లేదు. అబ్బాకు కూడా ఆఫీసు లేదు. మేము జారడానికి వెళ్తున్నాం" అని ఆ పసివాడు చెప్తాడు. చలి అంటే దుప్పటీ, వేడి చాయ్ మాత్రమే తెలిసిన నాయనమ్మకు ఆ ఆనందం సగమే అర్థమవుతుంది. తక్కిన సగం ఆందోళనగా మారుతుంది.

అర్థం కాని ఆ సగాన్ని గురించి ఈ నెల ఆలోచిద్దాం. మన ఇళ్ల పిల్లలు పెరుగుతున్న లోకంలో అదీ ఒక భాగమే. అంతేగాక, మంచు ఎరుగని మన వీధులకు కూడా అందులో ఒక పాఠం ఉంది.

మంచు సెలవు ముందుగా క్యాలెండరులో అచ్చువేసి ఉండదు. రాత్రంతా మంచు కురుస్తుంది. రోడ్లు శుభ్రపడక బడి బస్సులు కదలలేవు. తెల్లవారకముందే పాఠశాల అధికారులు నిర్ణయం తీసుకుని తల్లిదండ్రులకు కబురు పంపుతారు. పండుగ సెలవుకు ప్రయాణాలుంటాయి, వేసవి సెలవుకు శిక్షణ తరగతులుంటాయి. ఈ సెలవుకు మాత్రం ఎవరి వద్దా ఏ ప్రణాళికా ఉండదు. కనుకనే అది పిల్లలకు అంత ప్రియమైనది. స్లెడ్ అనే చిన్న పలకో, తేలికపాటి ప్లాస్టిక్ పడవ వంటి బండో చేతపట్టుకుని కుటుంబమంతా దగ్గరి గుట్టకు వెళ్తుంది. ఇల్లినాయి రాష్ట్రం బల్లపరుపు నేల. సహజమైన గుట్టలు అరుదు. అందుచేత షికాగో పరిసరాలలోని పార్కులలో కట్టుడు గుట్టలే పిల్లలకు దిక్కు. ఇవాన్‌స్టన్‌లో పాత చెత్త దిబ్బమీద మట్టి కప్పి నిలిపిన గుట్టమీద పిల్లలు తరతరాలుగా జారుతున్నారు.

చరిత్రలో ఒక వింత చూడండి. నేడు మన పిల్లలు విమానమెక్కి మంచు ఉన్న చోటికి వెళ్తున్నారు. ఒకనాడు ఆ మంచే ఓడనెక్కి మన దేశానికి వచ్చింది. అమెరికాలోని బోస్టన్ పరిసరాల చెరువులు చలికాలంలో గడ్డకట్టేవి. ఆ గడ్డలను రంపాలతో కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1833లో కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల సముద్రయానం తర్వాత కూడా అందులో సగానికి పైగా కరగకుండా చేరింది. ఆ మంచును నిల్వ చేసేందుకు చెన్నపట్నం సముద్రతీరాన 1842లో కట్టిన భవనానికి ఐస్ హౌస్ అనే పేరు ఈనాటికీ వాడుకలో ఉంది. మన ముత్తాతల కాలంలో మంచు ధనికుల గ్లాసులలో తప్ప కనిపించేది కాదు. 2004లో హైదరాబాదు లోయర్ ట్యాంక్‌బండ్ దారిలో స్నో వరల్డ్ తెరిచినప్పుడు, సికింద్రాబాదు కుటుంబాలు కూడా టిక్కెట్టు కొని, కోటూ బూట్లూ తొడుక్కుని, యంత్రాలు కురిపించిన మంచుమీద మొదటిసారి జారి మురిసిపోయాయి. చలి కోసం లంబసింగికి వెళ్లేవారికి పొగమంచు, కొన్ని వేకువలలో గడ్డిమీద పేరుకున్న తెల్లని పొర దొరుకుతాయి. జారేంత మంచు మాత్రం అక్కడ కురియదు.

అందుకని కొన్ని కుటుంబాలు కాశ్మీరు ప్రయాణం పెట్టుకుంటాయి. గుల్మార్గ్‌లో చెక్క స్లెడ్జిమీద పిల్లలను కూర్చోబెట్టి స్థానికులు తాడుతో లాగుతారు. డిసెంబరు 21 నుండి 40 రోజులు సాగే తీవ్రమైన చలిని కాశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. పర్యాటకులకు ఉల్లాసమైన ఆ రోజులే ఆ లాగేవారికి ఏడాది జీవనాధారం. 2024 జనవరిలో చాలా రోజులపాటు మంచు కురియక గుల్మార్గ్ మైదానాలు ఎండుగడ్డితో బోసిపోయినప్పుడు ఆ కుటుంబాల పొయ్యిమీద కూడా ఆ ప్రభావం పడింది. అక్కడికి వెళ్లే తల్లిదండ్రులు ఈ సంగతి పిల్లలకు చెప్పాలి. ఎక్కుడు దారిలో బిడ్డను దింపి నడిపించండి. లాగినవానికి బేరమాడకుండా న్యాయమైన కూలి ఇచ్చి, సలాము చెప్పించండి. ఆట వెనుక ఒకరి చెమట ఉందని తెలియడం కూడా శిక్షణలో భాగమే.

ఇక అసలు విషయానికి వద్దాం. మంచు గుట్టమీద బిడ్డకు దొరికేదేమిటి? జారడం పది క్షణాలలో ముగుస్తుంది. తిరిగి గుట్ట ఎక్కడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలలో తండ్రి వేలు బిడ్డ చేతిలో ఉంటుంది. తల్లి వెనుక నుండి నెడుతుంది. ఎవరూ ఫోను చూడరు, తొడుగులున్న చేతులకు తెర లొంగదు గనుక! ఇరవై ఏళ్ల తర్వాత ఆ బిడ్డకు మంచు ఎన్ని అంగుళాలు కురిసిందో గుర్తుండదు. తండ్రి తనతోపాటు మంచులో పడి నవ్విన నవ్వు గుర్తుంటుంది.

పిల్లల ఆటకు పెద్దలు సమయమివ్వడం హుందాతనానికి లోటు కాదని మహాప్రవక్త ముహమ్మద్ (స) జీవితం మనకు చెప్తోంది. సజ్దాలో ఉండగా పసి మనుమడు వీపుపైకి ఎక్కితే ఆయన ఆ సజ్దానే దీర్ఘం చేశారు. నమాజు ముగిశాక సహచరులు కారణం అడిగితే, ఆ బిడ్డ ముచ్చట తీరకముందే తొందరపెట్టడం తనకు ఇష్టం లేకపోయిందని వివరించారు. ఆరాధనలో ఉన్న వేళ కూడా బిడ్డను దింపివేయని ఆ కారుణ్యం ముందు, ఆఫీసు మెయిలు పేరుతో బిడ్డను పక్కకు నెట్టే మన తొందర ఎంత చిన్నది!

అయితే ఈ మంచు సెలవుకే ఇప్పుడు ముప్పు వచ్చింది. 2024 ఫిబ్రవరి 13న న్యూయార్క్ నగరంలో మంచు తుఫాను వచ్చింది. బడి భవనాలు మూసివేశారు గాని సెలవు ఇవ్వలేదు. పిల్లలంతా ఇంటి నుండే ఆన్‌లైన్ పాఠాలు వినాలన్నారు. ఉదయం లక్షలాది మంది ఒకేసారి లాగిన్ కాబోతే వ్యవస్థ మొరాయించింది. పిల్లలకు పాఠమూ సరిగా దక్కలేదు, ఆటా దక్కలేదు. ఇది అమెరికా సంగతి మాత్రమేనా? 2023 జూలైలో భారీ వర్షాల కారణంగా తెలంగాణలో బడులకు వరుసగా సెలవులు ప్రకటించారు. ఆ రోజులలో మన ఇళ్లలో పిల్లలు ఏం చేశారో ఒకసారి గుర్తుచేసుకోండి. కొందరికి వాట్సాప్‌లో హోంవర్కు వచ్చింది. కొందరు ఉదయం నుండి సాయంత్రం వరకు ఫోనుకు అతుక్కుపోయారు. ఆకాశం ఇచ్చిన తీరికను తెర మింగివేసింది.

మనకు మంచు లేకపోవచ్చు, మంచు సెలవు మాత్రం ఉంది. దాని పేరు వాన సెలవు. ఆ రోజున చేయదగినవి ఎన్నో ఉన్నాయి. అందరూ కలిసి ఇంట్లో జమాఅతుగా నమాజు చేయవచ్చు. పిల్లల చేత పిండి కలిపించి పకోడీలు వేయించవచ్చు. వరండాలో గిన్నె పెట్టి ఎంత వాన పడిందో గంట గంటకూ స్కేలుతో కొలిపించవచ్చు. వడగళ్లు పడితే, ఉరుములు ఆగాక ఏరి తెచ్చి, ఒకదాన్ని కోసి లోపలి పొరలు చూపించవచ్చు. జారుడు ఆట కూడా మనకు కొత్తది కాదు. ఎండిన తాటిమట్టమీద ఒకరు కూర్చుంటే మరొకరు లాగే ఆటే మన పల్లెల స్లెడ్. ఏటవాలు బండలమీద జారి నిక్కరు చింపుకోని బాల్యం ఈ దక్కను పీఠభూమిలో ఎంతమందికి ఉంది? మంచు అరుదైన టెక్సస్‌లో ఎప్పుడైనా మంచు పడితే, ఇంట్లో స్లెడ్ లేని పిల్లలు అట్టపెట్టెలమీద జారుతారు. తాటిమట్ట, అట్టపెట్టె, ఖరీదైన స్లెడ్ - బిడ్డ కేరింతకు ఈ మూడింటి మధ్య భేదం లేదు.

ఆనందంతోపాటు జాగ్రత్త కూడా పెద్దల బాధ్యతే. విదేశంలో ఉన్న మీ పిల్లలకు ఈ మాటలు చెప్పండి. స్లెడ్‌మీద పాదాలు ముందుకు ఉంచి కూర్చునే జారాలి. తల ముందుకు పెట్టి బోర్లా పడుకుని జారితే తలకు దెబ్బ తగిలే ప్రమాదముంది. హెల్మెట్టు ఉంటే మేలు. గుట్ట దిగువన రోడ్డు, చెరువు, చెట్లు, కంచె ఉండకూడదు. జారిన బండి తనంతట తాను ఆగేందుకు చదునైన నేల ఉండాలి. పసివారిని ఒంటరిగా పంపకూడదు. నూలు బట్ట తడిని పట్టి ఉంచుతుంది కనుక ఒంటిని అంటి ఉండే లోపలి బట్ట ఉన్నిది కావాలి. వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కితే రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. లోపలికి తీసుకువెళ్లి గోరువెచ్చని నీటిలో ఉంచి, వైద్యుని సంప్రదించాలి.

ఇక్కడి తల్లిదండ్రులకు మూడు మాటలు. మొదటిది, పార్కులో జారుడు బల్లమీద బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని పెద్దలు జారడం క్షేమమనిపిస్తుంది గాని, కాదు. బిడ్డ బూటు పక్క అంచుకు తట్టుకుంటే కాలు అక్కడ ఆగుతుంది. పెద్దల బరువు మాత్రం కిందికి తోసుకుపోతుంది. పసి ఎముక విరిగేది అలాగే. అమెరికాలో శిశువైద్యులు ఈ గాయాలను అధ్యయనం చేసి హెచ్చరించారు. బిడ్డ తానుగా జారగల చిన్న బల్లను ఎంచుకుని, మీరు పక్కన నిలబడండి. రెండవది, వేలాడే స్కార్ఫు, చున్నీ బల్ల సందులో చిక్కితే మెడకు ఉచ్చు అవుతుంది. ఆడేటప్పుడు ఆడపిల్లల తలవస్త్రం కొసలు లోపలికి దోపి ఉంచండి. మూడవది, చలిరాత్రులలో తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకు 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. వెచ్చదనం కోసం ఇంటి లోపల బొగ్గులు రాజేసినవారిలో, మూసిన గ్యారేజీలో కారు నడిపినవారిలో కొందరు కార్బన్ మోనాక్సైడు విషవాయువుకు బలయ్యారు. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మరొక విషయం మగవారితో చెప్పాలి. మంచు సెలవైనా, వాన సెలవైనా, ఇంటి ఇల్లాలికి అది సెలవు కాదు. తడిసిన కోట్లు ఆరవేయాలి, మేజోళ్లు మార్చాలి, ఆకలిగా వచ్చినవారికి వేడిగా వండిపెట్టాలి. పరదేశంలో అత్త, ఆడపడుచు, పొరుగింటి ఖాలా తోడుండరు. పిల్లలతో గంట ఆడి, మంచి తండ్రి అనిపించుకుని సోఫాలో వాలిపోతే ఆ సెలవు సగమే. బిడ్డల తడి బట్టలు తీసి ఆరవేసిన తండ్రి కూడా వారికి గుర్తుంటాడు. మహాప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలియజేశారు.

చివరిగా నానీ దాదీలకు, తాతలకు. తెరమీద మంచు కనిపించగానే "కోటు వేశావా, జలుబు చేస్తుంది, లోపలికి పో" అన్న మాటతోనే సంభాషణ ముగించకండి. "ఎన్నిసార్లు జారావు? పడ్డావా? చెల్లిని కూర్చోబెట్టుకున్నావా?" అని అడగండి. ఆ తర్వాత తాటిమట్ట బండి కథ చెప్పండి. వచ్చే సెలవుకు వచ్చినప్పుడు ఆ బండిమీద లాగుతానని మాట ఇవ్వండి, ఇన్షా అల్లాహ్ దాన్ని నిలబెట్టుకోండి. పిల్లవాడి మంచుకూ మీ మట్టికీ మధ్య ఉన్న దూరం ఆ కథతో తరుగుతుంది.

అరేబియా ఎడారిలో జీవించిన మహాప్రవక్త (స) నమాజు ఆరంభంలో చేసిన ఒక దుఆలో, తన పాపాలను నీటితోనూ మంచుతోనూ వడగళ్లతోనూ కడిగివేయమని ప్రభువును వేడుకున్నారు. ఎండలో బతికేవారికి కూడా మంచు పరిశుభ్రతకు, చల్లదనానికి గుర్తు అయింది. మన బిడ్డలు మంచులో ఉన్నా, వానలో ఉన్నా, వారి బాల్యం కరిగిపోకముందే దానిలో మన పాలు పొందే తీరికను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.