పెరటి పిట్టను చూసి మోసపోవద్దు

విశాఖ పక్కనున్న యారాడ ఊళ్లో మందార మొక్క ఉన్న పెరట్లోకి తొంగిచూస్తే తేనెపిట్ట కనిపిస్తుంది. పది గ్రాములైనా తూగని ఈ పిట్ట అంతరించిపోయే జాతుల జాబితాలో లేదు. కనిపిస్తోంది కదా అని ఊరుకుంటే నష్టం పెరట్లో కాదు, పైన కొండ మీద జరుగుతుంది.

పెరట్లో అది చేసేది చాలాసార్లు దొంగతనమే. పొడవాటి పువ్వు మొదట్లో ముక్కుతో చిల్లు పొడిచి, పుప్పొడి అంటకుండా తేనె తాగిపోతుంది. అడవిలో మాత్రం కూలికి తగ్గ పని చేస్తుంది. మోదుగ విత్తు కట్టడానికి ఊదా తేనెపిట్టే ముఖ్యమని ఢిల్లీ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు 2003లో తేల్చారు. మామిడి కొమ్మల మీద బతికే బదనిక పువ్వులకూ ఈ పిట్టలే దిక్కు. రైతుకు బదనిక కంటగింపే అనుకోండి. అయినా దాని పండ్లతోనే కడుపు నింపుకునే వేరే పిట్టలున్నాయి.

తేనెపిట్టకు తేనె ఒక్కటే చాలదు. పిల్లలకు సాలీళ్లు, పురుగులు పెట్టాలి. సాలెగూటి దారాలతో అల్లిన గూడు వేలాడదీయడానికి తుప్ప కావాలి. సుందరీకరణ పేరుతో ముందుగా నరికేది ఆ తుప్పలనే. ఎండాకాలంలో కొండగడ్డికి నిప్పంటుకుంటే మిగిలినవీ పోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను కూల్చింది. గాలివాన మీద ఎవరికీ అదుపు లేదు. కత్తి, అగ్గిపుల్ల మన చేతిలోవే.

ఒకవైపు పోర్టు, రిఫైనరీ, మరోవైపు ఉక్కు కర్మాగారం. మధ్యలో మిగిలిన పచ్చదనం యారాడ కొండలు. బీచ్‌కు జనం పెరిగేకొద్దీ రిసార్టులకూ వ్యూ పాయింట్లకూ ఈ వాలు మీదే కన్ను పడుతుంది. నరికిన చోట కోనోకార్పస్ నాటితే పచ్చగానే ఉంటుంది, పిట్టకు చుక్క తేనె దొరకదు. అప్పుడది కిందికి, మందారాల దగ్గరికి దిగుతుంది. మనం ఫొటో తీసి సంబరపడతాం; కొండ మీద పూలు కాయకట్టకుండా రాలిపోతాయి.

తూర్పు కనుమల పూల మీద దశాబ్దాలుగా పరిశోధిస్తున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇదే నగరంలో ఉంది. తుప్పలు కొట్టే టెండరు పిలిచే ముందు, మాఘం నుంచి చైత్రం దాకా ఈ వాలున ఏవి పూస్తాయో, వాటి మీద ఏ పిట్టలు వాలతాయో అక్కడి వారితో లెక్క కట్టించాలి. వానాకాలంలో ఒక పూట తిరిగి రాసిన నివేదికను అందుకు బదులుగా ఒప్పుకోకూడదు. ఆ లెక్క చేతికొచ్చేదాకా కొండ మీద ఏ పనికీ అనుమతి ఇవ్వకూడదు.