తాళంచెవి యెవరి దగ్గర?

మూడేళ్ళ క్రిందట మా తమ్ముణ్ణి చేర్పించడానికి మదనపల్లె దగ్గర ఒక బడికి వెళ్ళాను. వరండా గోడమీద ‘అగ్నిమాపక పరికరం’ అని రాసివుంది. క్రింద ఖాళీ మేకు! అడిగితే, “పిల్లకాయలు పాడుచేస్తారని లోపల పెట్టి తాళం వేసినాం నాయనా” అన్నారు. తాళంచెవి అటెండరు దగ్గర వుంది. అటెండరు టీకి పోయినాడు.

నవ్వొచ్చే సంగతే. కాని 2004 జూలై 16న కుంభకోణంలో మధ్యాహ్న భోజనం వండే పాకలో లేచిన నిప్పు బడి పూరికప్పుకు అంటుకొని 94 మంది పసివాళ్ళను పొట్టన పెట్టుకొంది. ఆ ఘోరం తరువాత వేసిన వ్యాజ్యంలో, 2009 ఏప్రిల్ 13న, బడుల్లో అగ్నిమాపక పరికరాలుండాలని, వాటిని వాడటం ఉపాధ్యాయులకు నేర్పాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. నేను చూసిన బడి పరికరం కొన్నది. నేర్పే మాట మరిచింది.

పోనీ, ఆ సిలిండరొక్కటీ వుంటే చాలునా? 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని రైల్వేగేటు దాటుతున్న బడి బస్సును రైలు గుద్దింది. అక్కడ సిలిండరేం చేస్తుంది? అందుకే, ప్రమాదం యెటునుంచి వస్తుందో కాళ్ళరిగేలా తిరిగి చూసి, ఆ తరువాతే కార్యక్రమాన్ని యెంచుకోవాలంటాను. మదనపల్లెలో బడి విడిచే వేళకు రోడ్డుమీద లారీలు, బస్సులు. పుంగనూరు పల్లెల్లో దారిపక్క గట్టులేని బావులు. కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున ఏనుగులు. అక్కడ పొద్దుగూకేదాకా స్పెషల్ క్లాసు పెట్టడమే ప్రమాదం. మూడు చోట్లకూ ఒకే కాగితం పంపితే ఫైలు నిండుతుంది, అంతే.

అయ్యవార్లకు ఇప్పటికే రిజిస్టర్లు యెక్కువయ్యాయని ఒక మాస్టారు నాతో వాదించారు. నిజమే, ఒప్పుకొంటాను. ఇంకో రిజిస్టరు వద్దు. ఏడాదికి రెండుసార్లు, ముందు చెప్పకుండా, గంట కొట్టి పిల్లలందర్నీ బయటికి నడిపించి గడియారం చూడమనండి. ఒకటో తరగతి పిల్లల చెయ్యి పట్టుకొనేదెవరు? నడవలేని పిల్లవాణ్ణి యెత్తుకొనేదెవరు? పేర్లు ముందే తేల్చుకోవాలి.

సోదర విద్యార్థులారా! మన ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో యేటా గోడలకు సున్నం కొడతాం, నినాదాలు రాస్తాం. ఈసారి ఒక్క ఆదివారం మూడు బడులకు పోదాం. తలుపులు లోపలికి తెరుచుకొంటాయా, బయటికా, మెట్లెంత వెడల్పు, బావికి గట్టుందా, చూసి ఊరి పెద్దల ముందు పెడదాం. అలంకరణ ఖర్చులో కొంత బావిగట్టుకు ఇమ్మని యూనియన్‌ను అడుగుతున్నాను. మొదట మా తమ్ముడి బడికి పోదాం. ఆ మేకు ఇంకా ఖాళీగానే వుంది.