దిగడం కోసం ఒక పెడల్

ఈసారి పండగ గురించీ కాదు, వంట గురించీ కాదు. సైకిల్ పెడళ్ల గురించి రాస్తున్నాను. నాకు 66 ఏళ్లు. చదువంతా ఇంగ్లీషు మీడియం. తెలుగు రాయడం రిటైరయ్యాక సొంతంగా నేర్చుకున్నాను. సైకిల్ సామాన్లకు తెలుగు మాటలు వెతుక్కోవడం కూడా నాకొక పాఠమే. తప్పులుంటే మన్నించండి.

మా న్యూజెర్సీలో చలికాలం పోయి, రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకు కొట్టుకుపోయాకే నేను సైకిల్ బయటికి తీస్తాను. ఈ ఏడు తీసేసరికి కుడి పెడల్ కిర్రుకిర్రుమంటోంది. చేత్తో పట్టుకుని ఊపితే అటూ ఇటూ కదులుతోంది. లోపల బేరింగులు అరిగిపోయాయి. తొమ్మిదేళ్లు తొక్కాను, పాపం దాని తప్పేమీ లేదు.

ఆదివారాలు కలిసి తొక్కే కుర్రాళ్లని అడిగాను. అందరిదీ ఒకటే మాట: "అదే రకం కొత్తది కొనెయ్యండి అంకుల్, బూట్లు ఎలాగూ ఉన్నాయి కదా." నేను ఆ పని చెయ్యలేదు. రోడ్డు సైకిల్ పెడళ్లు తీసేసి, కొండదారి సైకిళ్లకు వాడే పెడళ్లు బిగించాను. వాళ్లు నవ్వారు. నవ్వనివ్వండి. అరవై దాటినవాళ్లు, సైకిల్ దిగి నాలుగడుగులు నడవాల్సినవాళ్లు, రోడ్డు సైకిల్‌కైనా ఈ రకమే కొనాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు పేరు సంగతి. వీటిని క్లిప్‌లెస్ పెడళ్లు అంటారు. క్లిప్ లేనివి అని అర్థం. కానీ బూటు టక్కున వాటిలో ఇరుక్కుంటుంది! ఈ చిక్కు నాకు చాలాకాలం విడలేదు. వెనకటికి పెడల్ ముందు భాగాన ఒక ఇనుప పంజరం, దానికి తోలు పట్టీ ఉండేవి. ఆ పంజరం పేరు టో క్లిప్. కాలు బయటికి తీయాలంటే వంగి చేత్తో పట్టీ వదులు చేసుకోవాలి. 1984లో లుక్ అనే ఫ్రెంచి కంపెనీ, మంచు మీద జారే స్కీలకు బూట్లు బిగించే పద్ధతిని సైకిల్ పెడల్‌కి తెచ్చింది. మరుసటి ఏడు బెర్నార్ ఇనో ఆ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. పంజరం పోయింది కాబట్టి క్లిప్ లేని పెడల్ అయింది. తర్వాత 1990లో జపాన్ కంపెనీ షిమానో మట్టిదారుల సైకిళ్ల కోసం ఎస్.పి.డి. అనే చిన్న పెడల్ తెచ్చింది. ఇప్పుడు దుకాణాల్లో కనిపించేవి చాలావరకు ఈ రెండు వంశాలవే.

మొదటి వంశంలో బూటు అడుగున మూడు బోల్టులతో ఒక పెద్ద ప్లాస్టిక్ ముక్క బిగిస్తారు. దాన్ని క్లీటు అంటారు. అది బూటు కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది. నేల మీద నడిస్తే వేళ్ల వైపు పైకి, మడమ కిందికి. అచ్చంగా బాతు నడక. రెండో వంశంలో రెండు బోల్టులతో ఒక చిన్న ఇనుప ముక్క. అది బూటు రబ్బరు అడుగులో ఒక గుంటలో దాక్కుంటుంది. మామూలు బూట్లతో నడిచినట్టే నడవొచ్చు.

తొక్కేటప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు. దిగినప్పుడు తెలుస్తుంది. నాకు రెండుసార్లు తెలిసింది.

మొదటిది గుడిలో. శనివారాలు నా సేవ చెప్పుల గది దగ్గర. అరలు సర్దడం, పెద్దవాళ్లు చెప్పులు విప్పుకోవడానికి కుర్చీ వెయ్యడం, పిల్లల జతలు వెతికిపెట్టడం. వాతావరణం బాగుంటే ఇంటి నుంచి సైకిల్ మీదే వెళ్తాను. ఒక రోజు నేను వెళ్లేసరికి ఎవరో వ్యానులోంచి కూరగాయలు దించుతున్నారు. "ఒక పెట్టె అందుకోండి సార్" అన్నారు. బూట్లు విప్పకుండానే అందుకున్నాను. వంటగది వెనక సిమెంటు ర్యాంపు ఉంది. రాత్రి వాన పడి తడిగా ఉంది. ప్లాస్టిక్ క్లీటు జర్రున జారింది. సొరకాయలు దొర్లాయి, వాటి వెనకే నేనూ దొర్లాను. తుంటి మీద పడ్డాను. ఎక్స్‌రే తీసి ఎముకకు ఏమీ కాలేదన్నారు. అయినా నెలన్నర సైకిల్ ఎక్కలేదు. మా ఆవిడ ఒకటే అడిగింది: "ఏమండీ, తొక్కుతూ పడ్డారంటే అర్థముంది. నడుస్తూ పడ్డారేంటి?" నా దగ్గర జవాబు లేదు.

రెండోది నేను పడిన కథ కాదు. అందుకే ఎక్కువ బాధ. మా వియ్యంకుడు నాకంటే రెండేళ్లు పెద్ద. నన్ను చూసి ఆయన కూడా మంచి రోడ్డు సైకిల్ కొనుక్కున్నారు. పెడళ్ల దగ్గరికి వచ్చేసరికి నన్ను సలహా అడిగారు. "కొంటే అసలైనవే కొనండి బావగారూ" అని మూడు బోల్టుల రకమే కొనిపించాను. రెండో వారంలో ఎర్రలైటు దగ్గర ఆగబోయి కాలు లాగారు. ఊడి రాలేదు. సైకిల్‌తో సహా పక్కకి ఒరిగిపోయారు. మణికట్టు విరిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. "ఈ వయసులో ఇవన్నీ మనకెందుకు లెండి" అన్నారంతే. అప్పటి నుంచి ఆ సైకిల్ వాళ్ల గరాజ్‌లో కొక్కేనికి వేలాడుతోంది. తప్పు ఆయన వయసుది కాదు, నా సలహాది. ఆయనకి ఏది పనికొస్తుందో చూడకుండా నాకు ఏది గొప్పగా కనిపించిందో అది చెప్పాను.

అందుకే పెడల్ పాడైన ఈ సమయం నాకు మంచి అవకాశం అనిపించింది. పాతది తీసి అదే రకం పెట్టడం తేలిక. కానీ "ఈ రకం ఎందుకు?" అని అడగడానికి మళ్లీ తొమ్మిదేళ్ల దాకా సమయం రాదు.

కుర్రాళ్లు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది బరువు. షిమానో అల్టెగ్రా ఆర్8000 రోడ్డు పెడళ్ల జత 248 గ్రాములు. నేను కొన్న ఎమ్520 జత 380 గ్రాములు. తేడా 132 గ్రాములు. తిరుమల లడ్డూ ఒకటి సుమారు 175 గ్రాములు ఉంటుంది. అంటే గుడిలో ప్రసాదం వద్దనగలిగినవాడే ఈ తేడా గురించి మాట్లాడాలి. నేను అనలేను.

రెండో అభ్యంతరం, చిన్న క్లీటు వల్ల ఒత్తిడి అంతా పాదం కింద ఒకేచోట పడుతుందని. ఇది నిజమే. మెత్తటి అడుగు ఉన్న బూట్లు వేసుకుంటే గంట తర్వాత మంట మొదలవుతుంది. గట్టి అడుగు ఉన్న బూట్లు కొనుక్కుంటే నాకు పాతిక మైళ్ల దాకా ఏ ఇబ్బందీ లేదు. వంద మైళ్లు తొక్కేవారు వేరేగా ఆలోచించుకోవచ్చు.

మూడోది ఖర్చు. పెడళ్ల రకం మారితే బూట్లు కూడా మారాలి కదా అంటారు. కొన్ని బూట్లకు రెండు బోల్టుల రంధ్రాలూ, మూడు బోల్టుల రంధ్రాలూ రెండూ ఉంటాయి. ముందు మీ బూటు తిరగేసి చూడండి. లేకపోతే కొత్తవి కొనాలి. నేను కొన్నాను. ఆసుపత్రి ఖర్చు పక్కన పెట్టి చూస్తే అది ఎక్కువ అనిపించలేదు.

ఇంకో మాట, మోకాళ్ల గురించి. పెడల్‌లో ఇరుక్కున్నాక కూడా మడమ అటూ ఇటూ కొంచెం తిరగాలి. దీన్ని ఇంగ్లీషులో ఫ్లోట్ అంటారు. నేను దీనికి వెసులుబాటు అని పేరు పెట్టుకున్నాను. వెసులుబాటు లేకపోతే ఆ మెలి అంతా మోకాలు భరించాలి. రోడ్డు పెడళ్లలో క్లీటు రంగును బట్టి ఇది మారుతుంది. షిమానోలో పసుపు 6 డిగ్రీలు, నీలం 2, ఎరుపు సున్నా. లుక్ కియోలో ఎరుపు 9 డిగ్రీలు, బూడిద రంగు 4.5, నలుపు సున్నా. చూశారా, ఒక కంపెనీ ఎరుపు అసలు కదలదు, ఇంకో కంపెనీ ఎరుపు అన్నిటికంటే ఎక్కువ కదులుతుంది! రంగు చూసి కొనకండి, అంకె చూసి కొనండి. పైగా రెండింటికీ మూడు బోల్టులే అయినా ఒకదాని క్లీటు ఇంకోదాని పెడల్‌లో పట్టదు. ఎస్.పి.డి.లో వెసులుబాటు సుమారు 4 డిగ్రీలు. ఈ ఒక్క విషయంలో పసుపు క్లీటుదే పైచేయి అని ఒప్పుకుంటాను. మోకాలి నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

ఇక కొన్నాక చెయ్యాల్సిన పనులు. ఎమ్520 పెట్టెలో వచ్చే క్లీటు ఎస్.హెచ్.51. మడమ పక్కకి తిప్పితేనే అది వదులుతుంది. నేను విడిగా ఎస్.హెచ్.56 కొన్నాను. కంగారులో కాలు పైకి గుంజినా ఇది వదులుతుంది. రేసుల్లో గట్టిగా లాగి తొక్కేవాళ్లకి ఇదే లోపం, మనకి ఇదే వరం. పట్టు ఎంత బిగువుగా ఉండాలో మార్చుకోవడానికి పెడల్‌కి చిన్న స్క్రూ ఉంటుంది. ఎమ్520కి రెండు వైపులా తొక్కొచ్చు కాబట్టి ఒక్కో పెడల్‌కి రెండు, మొత్తం నాలుగు స్క్రూలు. నాలుగూ వదులు చెయ్యండి. ఒకవైపే చేస్తే రెండోవైపు మిమ్మల్ని ఎర్రలైటు దగ్గర పట్టుకుంటుంది.

ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. నేను అరగంట దాన్ని విప్పుతున్నాననుకుని ఇంకా బిగించాను. సులువైన గుర్తు ఒకటుంది: ఏ వైపు పెడలైనా, దాని ఇరుసు పైభాగం ముందు చక్రం వైపు తిరిగితే బిగుస్తుంది, వెనక చక్రం వైపు తిరిగితే ఊడుతుంది. బిగించే ముందు మరకి కాస్త గ్రీజు రాయండి. తర్వాత గోడ పట్టుకుని, సైకిల్ మీద కూర్చుని, యాభైసార్లు కాలు పెట్టి తీయండి. మనకి జపం అలవాటే కదా.

ఈ సలహా అందరికీ కాదు. మా అన్నయ్యగారి అమ్మాయి ట్రయథ్లాన్ చేస్తుంది. తను బూట్లు ముందే పెడళ్లకి తగిలించి ఉంచి, ఈత నుంచి వచ్చి ఒట్టి కాళ్లతో పరిగెత్తి సైకిల్ ఎక్కుతుంది. తొక్కుతూ తొక్కుతూనే బూట్లలో కాళ్లు దూరుస్తుంది. ఆ బూట్లతో తను నేల మీద నడవనే నడవదు. తనకి మూడు బోల్టులే సరి. నేనేమో గుడి ర్యాంపు మీద నడుస్తాను, డెలావేర్–రారిటన్ కాలువ గట్టు మట్టిలో దిగి ఫోటోలు తీస్తాను, దారిలో కాఫీకి ఆగుతాను. ఒక ఉదయంలో పదిసార్లు దిగేవాడు తొక్కడం గురించి మాత్రమే ఆలోచించి పెడల్ కొనకూడదు.

పోయిన వారం మా వియ్యంకుడి ఇంటికి వెళ్లాను. ఇ.హెచ్.500 అనే పెడళ్ల జత తీసుకెళ్లాను. వాటికి ఒకవైపు ఎస్.పి.డి., రెండోవైపు మామూలు బల్లపరుపు పెడల్. ఏ బూటుతోనైనా తొక్కొచ్చు. "బావగారూ, అప్పుడు తప్పు చెప్పాను. ఇవి బిగిస్తాను, మామూలు వైపే తొక్కండి. రెండోవైపు జోలికి ఎప్పటికీ వెళ్లకపోయినా ఫర్వాలేదు" అన్నాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. కొక్కెం మీంచి సైకిల్ దించడానికి మాత్రం ఒక చెయ్యి వేశారు. విరిగిన చెయ్యే.

టైర్లలో గాలి లేదు. పంపు కోసం ఇద్దరం గరాజ్ అంతా వెతికాం.