ముక్కు దిబ్బడకు ఏ మందు? స్ట్రిప్ వెనక చదివాకే కొనండి

చలికాలం వచ్చిందంటే గోదావరి ఒడ్డున ఉన్న మంథనిలో ఇంటింటికీ జలుబే. ఒకరికి వస్తే వారంలో అందరికీ అంటుకుంటుంది. చాలామంది డాక్టర్ దాకా పోరు. మెడికల్ షాపులో "సర్ది గోలీ ఇవ్వండి" అని అడిగి, ఇచ్చింది తెచ్చుకుంటారు. చిన్న పిల్లలకు సిరప్ కూడా ఇట్లాగే కొంటారు. 2023 నుంచి వచ్చిన ఉత్తర్వులు చూస్తే ఈ అలవాటు మార్చుకోక తప్పదు.

జలుబు గోలీలో సాధారణంగా మూడు మందులు కలిపి ఉంటాయి. జ్వరానికి పారాసెటమాల్, ముక్కు కారడానికి క్లోర్‌ఫెనిరమిన్ లేదా సెటిరిజిన్, ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిన్. పేచీ ఈ మూడో మందుతోనే.

2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీలోని 16 మందీ ఒకే మాట చెప్పారు. నోటి ద్వారా తీసుకునే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడను తగ్గించడం లేదని. మింగిన మందులో చాలా భాగం ముక్కు దాకా చేరకముందే పేగుల్లో, కాలేయంలో విరిగిపోతుంది. 2024 నవంబరులో ఎఫ్‌డీఏ దీన్ని అనుమతి జాబితా నుంచి తొలగించాలని ప్రతిపాదించింది. ప్రమాదమని కాదు, పనిచేయదని.

మరి ఇంత కాలం ఎట్లా అమ్ముడైంది? అంతకుముందు వాడిన సూడోఎఫెడ్రిన్‌తో మత్తు పదార్థం తయారు చేస్తున్నారని 2006 నుంచి అమెరికాలో అమ్మకాలపై ఆంక్షలు పెట్టారు. కంపెనీలు ఫినైలెఫ్రిన్‌కు మారాయి. 2022లో ఒక్క అమెరికాలోనే ఈ మందు ఉన్న సరుకు దాదాపు 180 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. మన దగ్గర కూడా ఎన్నో జలుబు గోలీల్లో ఇదే ఉంది.

పెద్దలకైతే పోయేది డబ్బులే. పిల్లల సంగతి వేరు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద రాయాలని కేంద్రం 2023 డిసెంబరులో ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో గెజిట్ కూడా ఇచ్చింది. ఆ ఏడాదే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ సిరప్ తాగిన పసిపిల్లలు కిడ్నీలు చెడిపోయి చనిపోయారు. అక్కడ ప్రాణం తీసింది ఫినైలెఫ్రిన్ కాదు, సిరప్‌లో కలిసిన డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం. 0.1 శాతం దాటకూడనిది 48.6 శాతం ఉందని తమిళనాడు పరీక్షల్లో తేలింది. అయినా ఆ సిరప్ కూడా పారాసెటమాల్‌తో ఇదే రెండు మందుల మిశ్రమం. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వారికి సాధారణంగా అవసరం లేదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా కోల్డ్రిఫ్ వాడొద్దని హెచ్చరించింది.

మరి ఏం కొనాలి? పెద్దలకు ముక్కు బాగా మూసుకుపోతే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు పనిచేస్తాయి. నాసివియన్, ఓట్రివిన్ ఈ రకమే. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు. అంతకు మించి వాడితే ముక్కు ఇంకా ఎక్కువ మూసుకుపోతుంది, చుక్కలకు అలవాటు పడుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగాలి. జలుబు గోలీ మింగుతూ డోలో కూడా వేసుకుంటే పారాసెటమాల్ డబుల్ అవుతుంది, కాలేయానికి మంచిది కాదు. క్లోర్‌ఫెనిరమిన్ వేసుకుంటే నిద్ర వస్తుంది. ఆటో, బండి నడిపేవాళ్లు జాగ్రత్త.

మన ఇళ్లలో జోషాందా, జిందా తిలిస్మాత్ ఎప్పటి నుంచో ఉన్నాయి. వేడి కషాయం గొంతుకు హాయి, యూకలిప్టస్ వాసనకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. కానీ యూకలిప్టస్ నూనె, కర్పూరం ఉన్నవి పసిపిల్లలకు వద్దు. వాళ్లకు ఉప్పునీటి ముక్కు చుక్కలు, తల్లిపాలు చాలు. ఏడాది దాటితే కొంచెం తేనె ఇవ్వొచ్చు. ఎగశ్వాస వచ్చినా, డొక్కలు ఎగరేసినా, పాలు తాగకపోయినా షాపుకు కాదు, నేరుగా దవాఖానకు తీసుకుపోవాలి.

హెచ్చరిక ఉండాలని గెజిట్ ఇస్తే సరిపోదు. అది చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే తెలుగు, ఉర్దూ మాత్రమే చదవగలిగే తల్లికి ఏం ఉపయోగం? "నాలుగేళ్ల లోపు పిల్లలకు వద్దు" అన్న ఒక్క ముక్క ప్రతి మెడికల్ షాపు గోడ మీద రెండు భాషల్లో రాయిస్తే పెద్ద ఖర్చేం కాదు. అధికారులు ఆ పని చేసేదాకా షాపులో మనమే అడగాలి: ఇందులో ఏమేం మందులున్నాయి, ఏ వయసు వాళ్లకు?